వేరు లేని పుట్టగొడుగు

చైత్రంలో ఒక గట్టి జల్లు పడిందంటే మర్నాడు పొద్దున్నే విజయనగరంలో మా ఇంటి గేటు చప్పుడవుతుంది. తీసి చూస్తే ఎవరో ఒకరు తువ్వాలు మూటో, క్యారీ బ్యాగో, అన్నం క్యారేజీయో పట్టుకుని నిలబడి ఉంటారు. "మేడమ్, ఇవి తినొచ్చా?" అంటారు. ప్రభుత్వ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. నా పాఠాలు ఎంతమందికి గుర్తున్నాయో తెలీదు గానీ, ఈ ప్రశ్న మాత్రం నన్ను వదిలిపెట్టలేదు.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు నా అనుభవాలు రాయమన్నారు. బదిలీలు, ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు రాయాలంటే నాకే ఆవులింతలొస్తాయి, ఇక చదివేవాళ్ళ గతి ఏమిటి? అందుకని పుట్టగొడుగుల గురించే రాస్తున్నాను. క్లాసులో నువ్వు తప్పు చెబితే పిల్లలకి రెండు మార్కులు పోతాయి. ఇక్కడ నీ మాట విని ఒక మనిషి దాన్ని నోట్లో పెట్టుకుంటాడు. ఈ ఉద్యోగంలో నాకు భయం వేసింది ఇక్కడే, ఇష్టం పుట్టిందీ ఇక్కడే.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తరవాత దాచిపెట్టానని అనకండి. కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాకు వాసన పోయింది. అందరికీ నెల తిరిగేసరికి వచ్చేసింది. నాకు రాలేదు. ఈ రాతంతా ఆ దిగులుతోనే రాస్తున్నాను.

మేష్టారి నాలుగు ప్రశ్నలు

నేను చేరినప్పుడు మా డిపార్ట్‌మెంటు హెడ్డు జగన్నాథం మేష్టారు. ఇస్త్రీ లేని చొక్కా, నోటి నిండా కిళ్ళీ, ఎవరినైనా మొహం మీదే కడిగేసే నోరు. మొదటి వారంలోనే నన్ను రామతీర్థం కొండవైపు తీసుకెళ్ళి, ముందురోజు వానకి మొలిచిన ఒక తెల్లగొడుగు చేతిలో పెట్టారు. "ఏటిది?" అన్నారు. నేను పుస్తకంలో ఉన్న లాటిన్ పేరు టకీమని చెప్పాను.

"ఎలాగ తెలిసింది?"

"చూడగానే తెలుస్తోంది కదండీ."

"సూడగానే తెలిసిపోయే కాడికి నీకు జీతమెందుకు? పేపరేసే కుర్రోడు కూడా సెప్తాడు తెల్లగొడుగని" అని, ఆ గొడుగు లాక్కుని నా కళ్ళ ముందే కాలితో నలిపేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం తిరుగు బస్సులో పక్కన కూర్చుని ఆయనే నెమ్మదిగా చెప్పారు. పుట్టగొడుగుని నాలుగు ప్రశ్నలు అడగాలి. నీ వేరు ఎక్కడిదాకా వెళ్ళింది? నీ గొడుగు కింది రేకులు ఏ రంగు, వయసు ముదిరాక ఏ రంగు? కాగితం మీద బోర్లిస్తే ఏ రంగు పొడి రాలుస్తావు? నీ వాసన ఏమిటి? "నాలుగూ కలిస్తే పేరు పెట్టు. మూడే కలిసినాయనుకో, సెత్తబుట్ట. ఎవడు బతిమాలినా సెత్తబుట్టే. నానే వొచ్చి బతిమాలినా సెత్తబుట్టే."

ఈ పద్ధతి ప్రపంచంలోని అన్ని పుట్టగొడుగులకీ సరిపోదు, అది ఆయనకీ తెలుసు. మా వైపు జనం తినేది ముఖ్యంగా చెదపుట్టల మీద మొలిచే రకం. దానికి ఇది సరిపోతుంది. ఆ రకానికి కాడ నేలలోకి దిగి, సన్నబడుతూ సన్నబడుతూ లోపల చెదలు కట్టుకున్న తెట్టె దాకా వేరులా వెళ్తుంది. పొడి లేత గులాబీ రంగులో రాలుతుంది. ఇక వాసన గురించి చెప్పేటప్పుడు మేష్టారు కళ్ళు మూసుకునేవారు. "నానబెట్టిన బియ్యం అప్పుడే దంచితే వొస్తాది సూడు, ఆ తడిపిండి వాసన. కింద రవ్వంత కొత్త మట్టి."

ఆయన పోయి చాలా కాలమైంది. ఆ వాసన తెలిసినన్నాళ్ళూ, ప్రతి చైత్రంలోనూ, ఆయన నా పక్కన నిలబడి ఉన్నట్టే ఉండేది.

వెండి గరిటె

ఆమదాలవలసలో ఒక కిరాణా షావుకారు ఇంట్లో అందరూ వాంతులు, విరేచనాలతో శ్రీకాకుళం ఆసుపత్రిలో పడ్డారని మేష్టారికి ఫోనొచ్చింది. ఆ పొద్దునే పుట్టగొడుగుల కూర తిన్నారట. మేష్టారు నన్ను రైలెక్కించారు. స్టేషన్లో దిగి నేను ఆసుపత్రికి పోలేదు, తిన్నగా షావుకారి ఇంటికి పోయి పెరట్లో చెత్తకుండీ వెతికాను. ఒకే ఒక్క ముదురు గొడుగు, వాడిపోయినది, దొరికింది. తిప్పి చూస్తే కింది రేకులు పాచిరంగు తిరిగి ఉన్నాయి. లేతగా ఉన్నప్పుడు ఈ రకం కూడా తెల్లగా, ముద్దొచ్చేలా ఉంటుంది. గడ్డివాముల పక్కనా, పచ్చిక మీదా మొలుస్తుంది. వీళ్ళకి ఎవరో రైతు ధాన్యం తోలుకొచ్చినప్పుడు అభిమానంగా ఇచ్చి వెళ్ళాడట.

గొడుగు పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించాను. ఇది కడుపుని పిండేసే రకం, కాలేయం జోలికి పోయే రకంలా లేదు అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. షావుకారు మాత్రం చేతికి సెలైను ఎక్కుతుండగానే నాతో వాదానికి దిగాడు. "మా ఆడోళ్ళు కూరలో వెండి గరిటె పెట్టి సూసినారమ్మా. నల్లబడలేదు. నల్లబడకుండా ఇసమెలాగవుతాది, సెప్పు నువ్వే?"

"గరిటెకేం షావుకారూ, అది తినలేదు కదా" అన్నాను. పక్క మంచం మీద ఆయన భార్య అంత బాధలోనూ నవ్వేసింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, "అమ్మా, అటింటికీ ఇటింటికీ సెరో గిన్నెడూ పంపినాను" అంది. అప్పుడు పరిగెత్తాం ఆమదాలవలసకి, నేనూ ఆసుపత్రివాళ్ళూ. ఒక ఇంటివాళ్ళు తినేశారు, ఇంకొకరు సాయంత్రానికి అట్టేపెట్టుకున్నారు. అందరూ క్షేమంగానే ఇళ్ళు చేరారు.

కొత్తగా వచ్చేవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. మన వైపు తొలి పుట్టగొడుగుల కూర ఒక్క ఇంట్లో ఆగదు. పక్కింటికి ఒక గిన్నె పంపకపోతే ఆ ఇల్లాలికి ముద్ద దిగదు. మంచి అలవాటే, నేను కాదనను. కానీ ఆసుపత్రి నుంచి ఫోను వస్తే నీ మొదటి ప్రశ్న "ఏ రకం" అని కాదు. "ఇంకెవరికి పంపారు" అని. వెండి గరిటె, వెల్లుల్లి, బియ్యం రంగు మారడం, ఇవన్నీ ఉత్తుత్తివి. మొహమాటం లేకుండా చెప్పండి. తిడితే తిట్టనివ్వండి.

పుట్ట జోలికి పోరు

మా ప్రాంతంలో ఈ పనికి అసలు చిక్కు విషంతో కాదు, భక్తితో. పుట్టగొడుగు మంచిదనడానికి సాక్ష్యం దాని వేరు. పుట్టని మాత్రం ఎవరూ తవ్వరు. నాగులచవితికి పాలు పోసి, పసుపు రాసి, దణ్ణం పెట్టుకున్న పుట్టకి గునపం ఎలా వేస్తారు? అందుకని నేలమట్టానికి కాడ పుటుక్కున విరిచేసి తెస్తారు. నా దగ్గరికి వచ్చిన మూటల్లో చాలావాటిలో వేరు ఉండదు. "వేరు ఏదమ్మా?" అంటే, "పుట్టమ్మ తల్లికి ఉంచేసినామండి" అంటారు. ఎదురు మాట్లాడటానికి నోరు రాదు.

నోరు రాకపోయినా చెత్తబుట్ట చూపించాను. తిట్లు తిన్నాను. పిల్లి ఎదురొచ్చినట్టు నన్ను చూసి పక్కకి తప్పుకున్నవాళ్ళున్నారు. వాటిలో చాలా మూటలు మంచివే అయి ఉంటాయని నాకు తెలుసు. మంచివే పారేయించాను. ఈ ఉద్యోగంలో ఎక్కువ భాగం అదే, మంచివి కూడా పారేయించడం. దానికి సిద్ధపడనివాళ్ళు పుట్టగొడుగుల జోలికి రాకండి, నాచు మొక్కల మీద పరిశోధన చేసుకోండి.

ముక్కు

వాసన పోయాక డాక్టరు ఒక సాధన చెప్పాడు. రోజూ పొద్దున్నే నిమ్మతొక్క, లవంగం, కర్పూరం, కాఫీపొడి ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన రాకపోయినా గుర్తుతెచ్చుకోవాలట. మా ఆయన రోజూ నాలుగు సీసాలు టేబిలు మీద సర్ది పెడతారు. కొన్నాళ్ళకి నిమ్మ వచ్చింది. కాఫీ వచ్చింది గానీ కాలిన టైరులా వచ్చింది. "బాగా తెలిసిన, బాగా ఇష్టమైన వాసన ఏదైనా ఉంటే అది చూస్తూండండి, ఒక్కోసారి దాంతో దారి తెరుచుకుంటుంది" అన్నాడు డాక్టరు. నాకు అలాంటిది ఒక్కటే. అది సీసాలో దొరికేది కాదు.

నాలుగు ప్రశ్నల్లో ఒకటి నేను అడగలేను. అంటే మేష్టారి లెక్క ప్రకారం నా తీర్పు ఎప్పటికీ మూడే. గేటు దగ్గరికి వచ్చినవాళ్ళని ఇప్పుడు లావణ్య దగ్గరికి పంపుతున్నాను. లావణ్య నా శిష్యురాలు, ఇప్పుడు నా కుర్చీలోనే పనిచేస్తోంది. మంచి పిల్ల. పంపిన ప్రతిసారీ ఇంట్లోకి వచ్చి కాసేపు ఊరికే కూర్చుంటాను. పుట్టగొడుగు తినాలని కాదు బాధ. ఆ వాసన కావాలి నాకు. వాన వెలిశాక మోకాళ్ళ మీద కూర్చుని, మొహం నేలకి ఆనించి, ఆహా అనుకునే ఆ ఒక్క క్షణం కావాలి.

ఈ వైశాఖం

ఈ ఏడు వైశాఖంలో ఈదురుగాలితో పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. మా ఆయన అక్కగారు, నరసమ్మ వదిన, రామతీర్థం అవతల పల్లె నుంచి మొదటి బస్సుకి దిగింది. చంకన పెట్టుకుని తెచ్చిన గంపలో తడిగుడ్డ కింద పుట్టగొడుగులు. మా అత్తవారి తోటలో పుట్ట మీదివి. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంటివాళ్ళు తింటున్న, నాకు బాగా తెలిసిన పుట్ట అది.

"ఇదిగోనే పార్వతీ. నీ ముక్కు కోసం తెచ్చినాను. కడుపారా పీల్సుకో."

గబగబా ఒకటి తీసి ముక్కుకి ఆనించుకున్నాను. ఏమీ లేదు. ఇంకొకటి విరిచాను. ఏదో ఉన్నట్టే అనిపించింది, తరవాత అది నా ఆశే అని అర్థమైంది. వండితే వస్తుందేమో, ఆవిరికి వస్తుందేమో అనుకున్నాను. అయినా అలవాటు కొద్దీ లావణ్యకి ఫోను చేశాను. కాలేజీకి వెళ్తూ వెళ్తూ స్కూటీ ఆపి లోపలికి వచ్చింది. గంపలో చెయ్యిపెట్టి ఒక్కొక్కటే తిప్పి చూసింది. రేకులు చూసింది, కళ్ళు మూసుకుని వాసన చూసింది.

"వాసన అదే మేడమ్. రేకులూ సరిపోయాయి. వేరు?"

"మా వదిన పుట్ట తవ్వదు. నీకు తెలుసుగా."

"అయితే పారేద్దాం మేడమ్."

"లావణ్యా, ఈ పుట్ట నాకు తెలుసు. కాగితం మీద బోర్లిద్దాం, పొడి చూద్దాం."

"చూసినా మూడే అవుతాయి" అంది, తల దించుకుని. "మూడైతే ఏం చెయ్యాలో మీరే చెప్పారు. మీరే వచ్చి బతిమాలినా అని కూడా చెప్పారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో, నా ముందు, నాకే పాఠమా అనిపించింది. వదినకి ఇంకా మండింది. "ఏటే ఈ గుంట! మా తాతల కాడినుంచి తింటన్నాం, ఒక్కడైనా సచ్చినాడేటి? బస్సులో నిలబడి ఒళ్ళంతా పులిసిపోనాది, పారేస్తాదట!" లావణ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గంప మాత్రం వదల్లేదు. ఆ గంప అంచుని గట్టిగా పట్టుకున్న తీరు చూశాక నా కోపం ఎటుపోయిందో పోయింది. ఆ పిల్ల పారేస్తున్నది నా ప్రాణం లాంటి వాసనని, ఆ సంగతి దానికి తెలుసు. తెలిసి కూడా పట్టు విడవలేదు.

"ఇలా ఇయ్యి" అని గంప తీసుకుని, పెరట్లో ఎరువు గోతిలో నేనే బోర్లించాను. బోర్లించి అక్కడే ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది?

వదిన వెనకాలే వచ్చి నిలబడింది. తరవాత, "ఆ వేరుంటే ఈ గుంట ఒప్పుకుంటాదా?" అంది.

"ఒప్పుకుంటుంది."

"మరైతే నెగు. పోదారి పద" అని చెయ్యి పట్టి లేపింది.

లావణ్య సెలవు పెట్టింది. మా ఆయన కారు తీశారు. పల్లె చేరేసరికి ఎండ మండుతోంది. పుట్ట పక్కన పొద్దుట విరిచిన మొదళ్ళు ఉన్నాయి, వాటి మధ్య పూర్తిగా విచ్చినది ఒకటి, ఇంకా ముడుచుకున్నవి కొన్ని ఉన్నాయి. వదిన చిన్న గునపం ఎవరికీ ఇవ్వలేదు. ముందు గ్లాసెడు పాలు పోసింది, పసుపు చల్లింది, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని పుట్ట ముందు కూర్చుంది.

"తల్లీ, నీ ఇల్లు తవ్వటంలేదు. పక్కన రవ్వంత మట్టి తీస్తన్నాను. మా మరదలికి ముక్కు పోనాది. వాసన లేక అది రోజూ ఏడుస్తన్నాది. కోపగించుకోకు తల్లీ, మళ్ళీ నానే కప్పేస్తాను" అంది.

పుట్ట వైపు ఒక్క పెళ్ళ కూడా రాలకుండా, పసిపిల్ల తల దువ్వినట్టు మట్టి తీసింది. విచ్చిన గొడుగు కాడ నేలలోకి దిగి, దిగి, సన్నబడి, చివర చెదల తెట్టెలోకి వెళ్ళి ఆగింది. లావణ్య నేల మీద బోర్లా పడుకుని చివరిదాకా చూసింది. "ఉంది మేడమ్" అంది, పరీక్ష పాసైన పిల్లలా. వదిన ఆ గుంత అప్పుడే కప్పేసి, మట్టి చేత్తో నొక్కి, కళ్ళకద్దుకుంది.

ఆ గొడుగుని సగం తెల్లకాగితం, సగం నల్లకాగితం మీద బోర్లించి స్టీలు గిన్నెతో మూసి, ఆ రాత్రికి వదిన ఇంట్లోనే ఉండిపోయాం. మర్నాడు పొద్దున తీస్తే లేత గులాబీ పొడి. తోటలో ముడుచుకున్నవి విచ్చాయి. ఈసారి వదినే మళ్ళీ పుట్టకి దణ్ణం పెట్టుకుని, వేళ్ళతో సహా తీసింది. లావణ్య ఒక్కొక్కదాన్నీ వేరు నుంచి గొడుగు దాకా చూసి, వాసన చూసి, పక్కన పెట్టింది.

నేనూ ఒకటి ముక్కుకి ఆనించుకున్నాను.

"వొచ్చిందేటే?" అంది వదిన.

"రాలేదు వదినా."

"నువ్వు చెప్పు, ఎలా ఉంది?" అన్నాను లావణ్యతో. కళ్ళు మూసుకుంది. "నానబెట్టిన బియ్యం అప్పుడే దంచితే వస్తుంది కదా మేడమ్, ఆ తడిపిండి వాసన. కింద కొంచెం కొత్త మట్టి."

జగన్నాథం మేష్టారిని ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. నేనే చెప్పి ఉంటాను ఏదో క్లాసులో.

వదిన పచ్చిమిర్చి, ఉల్లిపాయలు వేసి, చివర ఆవ పెట్టి కూర వండింది. పక్కింటికి ఒక గిన్నె పంపబోతూ లావణ్య మొహంలోకి చూసింది. లావణ్య నవ్వి తలూపింది. నలుగురం కూర్చున్నాం. నా నాలుకకి ఉప్పు తెలిసింది, కారం తెలిసింది, మెత్తదనం తెలిసింది. అసలుది తెలియలేదు.

"ఎలా ఉందో చెప్పండి" అన్నాను.

"తినేటప్పుడు మాటలేటే" అని కసిరి, వదినే మొదలుపెట్టింది. "మా అమ్మ వొండినట్టున్నాది. తాటాకు పొయ్యిలో పెట్టి మంటేస్తే కూర వాసన ఇల్లంతా కమ్మేసేది సూడు, అలాగున్నాది." మా ఆయన, "ఆవ ముందు ముక్కుకి తగులుతోంది, అది తగ్గాక ఇది వస్తోంది, నెమ్మదిగా" అన్నారు. లావణ్య ముద్ద నోట్లో పెట్టుకుని, "నములుతుంటే పిండి వాసన ఇంకా పెరుగుతోంది మేడమ్, ఆగండి, ఇప్పుడు మట్టి వచ్చింది" అంది.

ఒకరి తరవాత ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను కళ్ళు మూసుకుని వింటూ, మారు వడ్డించమని కంచం ముందుకి జరిపాను.